ఫోటో తీశాం కదా తాతా, మళ్లీ బొమ్మ ఎందుకు?

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఆదివారం మీరిద్దరూ మీ నాన్న ఫోన్ పట్టుకుని ఈ బర్కత్‌పురా ఇల్లంతా తిరిగారు. దర్వాజ, మేడ మెట్లు, పెరట్లో నీళ్ల గోలెం, మల్లెపందిరి, ఏదీ వదల్లేదు. పది నిమిషాల్లో రెండు వందల ఫోటోలు. ఆ తర్వాత నేను కాగితాలు, పెన్సిళ్లు ఇచ్చి "ఇల్లు ఖాళీ చేసేలోపు మీకు నచ్చినవి గీయండి" అన్నాను. అప్పుడు చిన్నూ అడిగింది, "ఫోటోలు తీశాం కదా తాతా, మళ్లీ బొమ్మ ఎందుకు?" అని. ఇంతలో క్యాబ్ వచ్చిందని మీ అమ్మ పిలిచింది, మీరు వెళ్లిపోయారు. మంచి ప్రశ్నమ్మా. రెండు రోజులు దాన్నే తలుచుకుంటూ ఉన్నాను.

నా చిన్నప్పుడు రేషన్ బియ్యంలో రాళ్లు ఎక్కువ. బియ్యం తెచ్చిన రోజు మా అమ్మ చేట నిండా పోసి నా ముందు పెట్టేది. "రాయి పంటికి తగిలితే మీ బాపు బువ్వ తినక లేస్తడు, మంచిగ చూడు" అనేది. నేను గడప మీద వెలుగులో కూర్చుని, వేలితో కొన్ని కొన్ని గింజలు పక్కకు జరుపుతూ ఏరేవాణ్ని. ఆటకు పోవాలని తొందరగా జరిపితే అమ్మ చూడకుండానే కనిపెట్టేది. చేట చప్పుడును బట్టే తెలిసిపోయేదట.

ఫోటో తీయడం బస్తాలో బియ్యాన్ని డబ్బాలోకి ఒంపడం లాంటిది. అంతా వచ్చేస్తుంది, ఒక్క గింజ కిందపడదు. కానీ నీ కంటి కింద నుంచి ఒక్క గింజా పోలేదు కదా! బొమ్మ గీయడమంటే చేటలో పోసి ఏరడం. ప్రతి గింజా నీ వేలి కింద నుంచి పోవాల్సిందే.

నిన్న పెరట్లో కూర్చుని గోలెం గీశాను, ముప్పావు గంట పట్టింది. గోలెం గుండ్రంగా ఉంటుందని అందరికీ తెలుసు. కానీ పీట మీద కూర్చుని చూస్తే దాని అంచు గుండ్రంగా కనబడదు, అటూ ఇటూ లాగినట్టు కోలగా కనబడుతుంది. "గోలెం అంటే గుండ్రం" అని మన బుర్రలో ఉన్న మాట ఉందే, అదే బియ్యంలో రాయి. ముందు దాన్ని ఏరి పారేయాలి. ఆ తర్వాత పగులు దగ్గరికి వచ్చాను. ఒకప్పుడు గోలెం చీలితే మా బాపే సిమెంటు పెట్టి పూడ్చాడు. ఆ అతుకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తూ పెన్సిల్ జరుపుతుంటే, సిమెంటు మీద మూడు సన్నటి గాళ్లు కనబడ్డాయి, పక్కపక్కనే. అవి మా బాపు వేళ్లు. తాపీ దొరక్క చేత్తోనే రుద్దినట్టున్నాడు. నలభై ఏళ్లుగా ఆ గోలెంలో రోజూ చెంబు ముంచుతున్నాను, ఆ వేళ్లను నిన్ననే చూశాను. కాసేపు నా మూడు వేళ్లు వాటి మీద ఆనించి కూర్చున్నాను.

మీ ఫోటోల్లో కూడా ఆ గాళ్లు ఉండే ఉంటాయి. డబ్బా అడుగున.

చేటలో రాళ్లే కాదు, వడ్లగింజలూ వస్తాయి. వాటిని పారేయకూడదు, గోటితో పొట్టు ఒలిస్తే లోపల బియ్యపు గింజ ఉంటుంది. నూకలు విడిగా తీసి ఉంచితే ఉప్మాకు పనికొస్తాయి. ఇంట్లో కూడా నూకల్లాంటివి ఉంటాయి బుజ్జీ, ఎవరూ లెక్కపెట్టనివి. స్విచ్ బోర్డు పక్కన చేతులు తగిలి నల్లబడిన సున్నపు గోడ, పాదాలు అరగదీసిన గడప, నానమ్మ కొంగు తగులుకునే మేకు. రేపు కొత్త ఫ్లాట్‌లో చీకట్లో నీ చెయ్యి వెతికేది వీటినే. ముందు వాటిని గీయండి.

రంగులు వేసేటప్పుడు ఎసరు గుర్తుపెట్టుకోండి. నీళ్లు ఎక్కువైతే జావ, తక్కువైతే పలుకు. నీటిరంగుల్లో ముందు పల్చటి రంగు, అది ఆరాక దాని మీద ముదురు. వెలుగున్న చోట తెల్లరంగు పూయకండి, కాగితాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి. నేల మీది షాబాద్ బండలకు నలుపు వాడకండి. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగు కలిపి బాగా నీళ్లు పోస్తే ఆ బూడిదరంగు వస్తుంది. ఆ బండలు కలబురగి జిల్లా షాబాద్ నుంచి వచ్చిన సున్నపురాయి. ఆ ఊరు కూడా ఒకప్పుడు మన హైదరాబాద్ రాజ్యంలోదే.

ఇదంతా ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, నాకు తొమ్మిదేళ్లప్పుడు మేం కాచిగూడలో ఒక కిరాయి ఇల్లు ఖాళీ చేశాం. రెండు అర్రలు, ముందు చిన్న వాకిలి. నేను నడక నేర్చింది అక్కడే. దానికి ఫోటో లేదు, బొమ్మ లేదు. వాకిలి తలుపు గొళ్లెం కుడివైపు ఉండేదా ఎడమవైపా? రోజుకు పదిసార్లు ఎగిరి తీసిన గొళ్లెం అది. ఇప్పుడు ఎంత ఆలోచించినా చెయ్యి ఎటు పోవాలో తెలియడం లేదు. చెప్పడానికి మా అమ్మ లేదు.

వాన్ గో అనే చిత్రకారుడు ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊళ్లో ఒక పసుపుపచ్చ ఇంట్లో ఉండేవాడు. 1888లో తన పడకగదిని గీశాడు. మంచం, రెండు కుర్చీలు, ఒక కిటికీ, తలుపు పక్కన వేలాడే తువ్వాలు, అన్నీ ఇలాంటి మామూలు వస్తువులే. మరుసటి ఏడు, ఆ ఇల్లు వదిలేశాక, అదే గదిని ఇంకో రెండుసార్లు గీశాడు. 1944లో బాంబులు పడి ఆ ఇల్లు దెబ్బతింది, తర్వాత పడగొట్టేశారు. ఆ తువ్వాలు గదిలో ఎక్కడ వేలాడిందో మాత్రం ఇవాళ మీరూ నేనూ కూడా చూడొచ్చు.

మన ఊళ్లో కొండపల్లి శేషగిరిరావు గారు హైదరాబాద్ చుట్టూ ఉన్న బండరాళ్లను ఎంత ఇష్టంగా గీశారో! ఆ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంతటి గుట్టలే మన కళ్ల ముందు పేలిపోయి కంకర అయిపోయాయి. ఇక మన ఇల్లెంత?

ఇల్లు పోతుందని నేను ఏడవడం లేదు. గోడలు చెమ్మకు ఊడిపోతున్నాయి, నానమ్మ మోకాళ్లు మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాయి. ఆషాఢం రాకముందే మారిపోతాం, ఆ తర్వాత బిల్డర్ మనుషులు వస్తారు. "నాకు బొమ్మలు రావు తాతా" అని మాత్రం అనకండి. బియ్యం ఏరడం రాదనే పిల్లవాడు ఉంటాడా? గీత వంకర పోతే పోనివ్వండి, రబ్బరు జోలికి పోకండి.

ఇంకొకటుంది. నడిమి అర్రలో పడమటి గోడకు పైన వెంటిలేటర్ ఉంది కదా, దానికి ఒక అద్దం ఎర్రది. చలికాలంలో దాని వెలుగు ఈశాన్యం వైపు పోతుంది. ఈ నెలలో సూర్యుడు వాయవ్యానికి జరిగి దిగుతాడు కాబట్టి, సాయంత్రం ఆ ఎర్ర ముక్క ఆగ్నేయం వైపు, షాబాద్ బండల మీదుగా మెల్లగా పాకి బియ్యం డబ్బా మీదికి ఎక్కుతుంది. ఆ బూడిదరంగు బండ మీద ఆ ఎరుపు పడినప్పుడు వచ్చే రంగు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్నిసార్లు కలిపినా దొరకలేదు. అలా ఎందుకుంటుందని మీరు అడిగితే చెప్పలేను. వచ్చి చూడాలి.

శనివారం మబ్బు లేకపోతే నాలుగింటికల్లా రండి. డబ్బా మీద అది నిలిచేది కాసేపే. పెన్సిళ్లు చెక్కి ఉంచుతాను.

మీ తాత