కేసు ఎవరి మీద? పిల్లల యూరాలజీలో అపోహలు - వాస్తవాలు

పిల్లల సర్జన్ని. ఎక్కడో చేయించుకున్న ఆపరేషన్ ఫైలు తెచ్చి, "ఇది కేసు అవుతుందా సార్?" అని అడిగేవాళ్లు నా ఓపీకి తరచూ వస్తుంటారు. వాళ్ల బాధ నిజమైనదే. వాట్సాప్‌లో చదివొచ్చిన చట్టంతోనే చిక్కు.

అపోహ: ఆపరేషన్ ఫెయిలైతే డాక్టర్ నిర్లక్ష్యమే.

కాదు. హైపోస్పేడియాస్ (మూత్రరంధ్రం అంగం చివర కాకుండా కింది వైపున ఉండే పుట్టుకలోపం) సరిచేశాక ఫిస్టులా (కుట్టిన చోట మూత్రం కారే చిల్లు) మంచి సర్జన్ చేతిలోనూ వస్తుంది. మూత్రరంధ్రం ఎంత కిందికి ఉంటే ఆ అవకాశం అంత ఎక్కువ. ఆరు నెలలైనా ఆగి మళ్లీ మూస్తాం. పీయూవీ (మూత్రనాళంలో పుట్టుకతోనే అడ్డుపడే వాల్వుల్లాంటి పొరలు) ఉన్న బాబుకి ఆ వాల్వులు సరిగ్గా తీసేసినా, తల్లి కడుపులో ఉండగానే దెబ్బతిన్న కిడ్నీలు పెద్దయ్యేసరికి చేతులెత్తేయొచ్చు. వైద్యం ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం అనలేమని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే హైపోస్పేడియాస్‌ను గమనించకుండా సున్తీ చేసేస్తే, రిపేరుకు అక్కరకొచ్చే చర్మం పోతుంది. అది అడగాల్సిన విషయం.

అసలైన నిర్లక్ష్యం చాలాసార్లు ఎవరి కంటా పడదు. ఒక కుర్రాడికి అర్ధరాత్రి కడుపునొప్పి, వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. నిక్కరు విప్పి చూసినవాళ్లు లేరు, సిగ్గుతో వాడూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం నా దగ్గరికి తెచ్చేసరికి మెలితిరిగిన వృషణం నల్లబడిపోయింది, తీసేయక తప్పలేదు. ఇలా వృషణం మెలితిరగడాన్నే టార్షన్ అంటాం, అందులో మొదటి ఆరు గంటలే కీలకం. తండ్రి కోపమంతా నా మీదే: "తీసేసింది మీరేగా!" ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ప్రశ్న వెళ్లాల్సింది ఆ మొదటి క్లినిక్‌కి. వాళ్లిచ్చిన చీటీలో మందుల పేర్లు తప్ప టైమ్ లేదు, ఏం పరీక్షించారో లేదు. దాంతో ఏం నిరూపిస్తారు? పొత్తికడుపు నొప్పితో మగపిల్లాడు వస్తే వృషణాలు చూడాల్సిందే. చూడకపోతే మీరే అడగండి, మొహమాటపడకండి.

అపోహ: సంతకం పెట్టాం, ఇక కేసు చెల్లదు.

చెల్లుతుంది. కన్సెంట్ అంటే రిస్కులు తెలిసి ఒప్పుకోవడం. నిర్లక్ష్యానికి అది అనుమతి పత్రం కాదు.

అపోహ: బాబు మేజరయ్యాక వేసుకోవచ్చు.

ఆ భరోసాతో కూర్చోకండి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపించి ఒప్పించుకోవాలి.

అపోహ: పోలీస్ కేసు పెడితే తొందరగా తేలుతుంది.

క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం చూపించాలి. పరిహారం కావాలంటే దారి కమిషనే. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకుండా అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రులు మాత్రం వినియోగదారుల చట్టం కిందికి రావు. వాటి మీద సివిల్ కోర్టుకు వెళ్లాలి.

అపోహ: ఆసుపత్రి రికార్డులు ఇవ్వదు.

రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. గొడవకు దిగకముందే అడగండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు. కేస్ షీటు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్టు, నర్సుల నోట్స్ అన్నీ కావాలి. మొదటి క్లినిక్ చీటీ చిత్తుకాగితంలా ఉన్నా పారేయకండి.