చేప పొలుసులు, చర్మం, ముళ్ళు: అపోహలు - వాస్తవాలు

చేపల శరీర నిర్మాణం పాఠం చెప్పడం, కోసి చూపించడం నా పని. ఏటా కొత్త బ్యాచ్ రాగానే ల్యాబ్‌లో ఎవరో ఒకరు "పొలుసులు చేపకు చొక్కా లాంటివి కదండీ" అంటారు. అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ పొరపాటుకు బతికున్న చేపలు బాధపడుతున్నాయి.

అపోహ: పొలుసులు చర్మం పైన ఉంటాయి, గోళ్ళలాగా ప్రాణం లేనివి.

వాస్తవం: పొలుసు పుట్టేది చర్మం లోపలి పొరలో. దాని మొదలు అక్కడే ఒక చిన్న సంచిలో దిగి ఉంటుంది. బయటికి కనిపించే భాగం మీద కూడా పలచటి పైచర్మం ఉంటుంది. గోళ్ళు, పాము పొలుసులు కెరటిన్‌తో తయారవుతాయి. శీలావతి, బొచ్చె లాంటి చేపల పొలుసులో ఉండేవి కొల్లాజెన్ అనే ప్రోటీన్, ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. గోరు కంటే ఎముకకే అది దగ్గరి చుట్టం.

మన ఒంటి మీద పైపొర మృతకణాలే. చాలా చేపలకు అలాంటి పొర లేదు. జిగురు కింద మన వేలికి తగిలే మొదటి కణమే బతికున్న కణం. పొడి చేత్తో, పొడి గుడ్డతో పట్టుకుంటే ఆ జిగురు తుడుచుకుపోతుంది. పొలుసు ఊడితే పైచర్మం చిరుగుతుంది. అది పుండే. మంచినీటి చేపకైతే ఆ చిరుగులోంచి నీరు లోపలికి చొరబడుతుంది, ఒంట్లోని లవణాలు బయటికి పోతాయి. సముద్రపు చేపకు ఒంట్లో నీరే తగ్గిపోతుంది. పైగా సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. చేతులు తడుపుకోకుండా బతికున్న చేపను ముట్టుకోవడానికి నా దగ్గర ఎవరికీ అనుమతి లేదు.

అపోహ: చేప రంగంతా పొలుసుదే.

వాస్తవం: ఊడిన పొలుసును బాగా కడిగి వెలుతురుకు ఎదురుగా పట్టండి. దాదాపు గాజు ముక్కలా ఉంటుంది. నలుపు, పసుపు, ఎరుపు చర్మంలోని రంగు కణాలవి. వెండి మెరుపు మాత్రం గ్వానిన్ అనే పదార్థపు పలచటి స్ఫటికాలు వెలుతురును తిప్పికొట్టడం వల్ల వస్తుంది. మన డీఎన్‌ఏలో ఉండే గ్వానినే అది.

అపోహ: జెల్ల, వాలుగ, మలుగు... వీటికి పొలుసులే ఉండవు.

వాస్తవం: మొదటి రెండింటి విషయంలో నిజమే. మలుగుకు మాత్రం ఉంటాయి, చర్మంలో కూరుకుపోయిన బుల్లి పొలుసులు. మైక్రోస్కోపు కింద చూసినప్పుడు పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

అపోహ: పొలుసు మీద ఎన్ని గీతలుంటే చేపకు అన్నేళ్ళు.

వాస్తవం: ఏడాదిలో చాలా గీతలు పడతాయి. మేం లెక్కపెట్టేది గీతలను కాదు, ఎదుగుదల మందగించి అవి దగ్గర దగ్గరగా చేరిన పట్టీలను. ఆకలి, గుడ్లు పెట్టడం కూడా అలాంటి గుర్తే వదలవచ్చు కాబట్టి ప్రతి పట్టీ ఏడాది కాదు. ఇంకో చిక్కుంది. చేప పెరిగేకొద్దీ పొలుసుల సంఖ్య పెరగదు, ఉన్నవే పెద్దవవుతాయి. కానీ ఒకటి ఊడితే దాని చోట కొత్తది మొలుస్తుంది. దాని నడిమి భాగం గీతల్లేకుండా మసగ్గా ఉంటుంది, అంతకు ముందటి ఏళ్ళ లెక్క అందులో దొరకదు. నేను మొదట్లో అలాంటి పొలుసు చూసి పెద్ద చేపను కూనగా రాసేశాను. అప్పటి నుంచి ఒక్క పొలుసుతో ఎప్పుడూ తేల్చను. ముసలి చేపలకైతే చెవిరాయినే, అంటే లోపలి చెవిలో ఉండే రాయి లాంటి గట్టి ముక్కనే నమ్ముతాను. ఒంటి ఎదుగుదల దాదాపు ఆగినా దాని మీద పొరలు పడుతూనే ఉంటాయి.

అపోహ: కండలో తగిలే ముళ్ళన్నీ పక్కటెముకలు.

వాస్తవం: శీలావతి, బొచ్చెల కండలో ఇంగ్లిష్ వై అక్షరంలా చీలిన సన్నటి ముళ్ళు పక్కటెముకలు కావు. కండ ముక్కల మధ్య ఉండే పొరల్లోనే గట్టిపడిన విడి ఎముకలు. పండుగప్ప లాంటి చేపల్లో ఈ వై ముళ్ళు ఉండవు.

అపోహ: సొరచేపది మృదులాస్థి అస్థిపంజరం కాబట్టి అది ఎముక పుట్టకముందటి చేప.

వాస్తవం: ఆ మృదులాస్థి పైన కాల్షియం పలకలు పేర్చినట్టు ఉంటాయి, మెత్తగా వంగిపోదు. పైగా మంగోలియాలో దొరికిన, దాదాపు 41 కోట్ల ఏళ్ళ నాటి మిన్జినియా అనే, సొరలు, ఎముక చేపలు వేరుపడకముందటి శాఖకు చెందిన కవచ చేప పుర్రెలో లోపలి ఎముక ఉందని 2020లో ప్రకటించారు. దాన్ని బట్టి చూస్తే సొరల పూర్వీకులకు ఎముక ఉండి, తర్వాత పోయి ఉండాలి. సొర పొలుసు కూడా వేరే. దంతంలా డెంటిన్, లోపల గుజ్జు ఉంటాయి. శీలావతి పొలుసులా అది పెరగదు. సొర పెద్దదయ్యేకొద్దీ మధ్యలో కొత్తవి పుట్టుకొస్తాయి.