ఆరేళ్లలోపు పిల్ల ఏ శాఖ పిల్ల?

ఆంధ్రప్రదేశ్‌లో మూడు నుంచి ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపే బడుల విలీనం గొడవ మొదలైనప్పటి నుంచి మూడో తరగతి పిల్లల గురించి చాలా మాట్లాడుకున్నాం, టీచర్ పోస్టుల గురించి అంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నాం. అవే జీవోల్లో పీపీ-1, పీపీ-2 (ఒకటో తరగతికి ముందటి ప్రీ ప్రైమరీ) అని రాసి ఉన్న చిన్నపిల్లల సంగతి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు బడిలోకి వచ్చినట్టా, రానట్టా? వాళ్లకు ఆటపాటలు నేర్పే అంగన్‌వాడీ టీచర్‌ని ప్రభుత్వం టీచర్‌గా చూస్తోందా? జీవోలు ఎన్నిసార్లు తిరగేసినా దీనికి జవాబు దొరకదు. దాని కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

బడి చదువు తప్పనిసరి చేయాలనే మాట మన దగ్గర పాతదే. గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బిల్లు పెడితే మరుసటి ఏడాది అది ఓడిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చింది గానీ, తప్పనిసరి చేయాలా వద్దా అన్నది చాలావరకు స్థానిక సంస్థల చొరవకే వదిలేసింది. ఆ తర్వాత 1950 రాజ్యాంగం. అందులోని 45వ అధికరణం, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం పదేళ్లలో ప్రయత్నించాలని చెప్పింది. పైన పద్నాలుగేళ్లు అన్న హద్దు ఉంది, కింద ఏ హద్దూ లేదు. ఐదేళ్ల పిల్ల నుంచా, ఆరేళ్ల పిల్ల నుంచా అని రాయలేదు. అయితే ఇది ఆదేశిక సూత్రం కాబట్టి, పదేళ్లు గడిచినా ఇరవై ఏళ్లు గడిచినా కోర్టుకెళ్లి అడగడానికి లేకపోయింది.

పసిపిల్లల సంగతి అప్పుడు పూర్తిగా వేరే దారిలో నడిచింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, దానికి మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు సాయంతో స్వచ్ఛంద సంస్థలు ఊళ్లల్లో బాలవాడీలు నడిపాయి. అంటే బడి విద్యాశాఖ పని, పసిపిల్లలు సంక్షేమం పని. ఈ విభజన ఎవరో కూర్చుని ఆలోచించి చేసిందని నాకు అనిపించదు. ఎవరికి డబ్బులుంటే వాళ్లు మొదలుపెట్టారు, అది అలాగే స్థిరపడిపోయింది. 1974లో జాతీయ బాలల విధానం వచ్చింది, మరుసటి ఏడాది అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు), అంటే అంగన్‌వాడీల పథకం, మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వీటితో పాటు పూర్వ ప్రాథమిక విద్య, మొత్తం ఆరు సేవలు ఒకే మనిషి, అంటే అంగన్‌వాడీ కార్యకర్త, నెత్తిన పెట్టారు. ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఊళ్లోనే ఉండే ఆడమనిషి, పూటపని, సేవాభావం అనే లెక్కతో వేసిన పథకం అది. ఇప్పటి తగాదాలన్నీ ఆ లెక్క దగ్గరే మొదలయ్యాయి.

1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1982లో సొంతంగా ఒక విద్యా చట్టం చేసుకుంది, ఇప్పటికీ బడుల వ్యవహారాలకు పునాది అదే. ఐసీడీఎస్‌కు మాత్రం చట్టమంటూ లేదు, అది పథకమే. పథకానికి బడ్జెట్ ఉంటే నడుస్తుంది, కోత పడితే నీరసిస్తుంది, అంతే.

ఇక్కడ రంగారెడ్డి జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లలో అక్కడ వెట్టి పిల్లల్ని, కూలి పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు, బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని లెక్కేసింది. చాలామందికి ఇది అతిగా అనిపించింది. కానీ ఆడపిల్లల విషయంలో చూడండి. తల్లి కూలికి పోతే చంటిబిడ్డను ఎవరు చూడాలి? ఎనిమిదేళ్ల అక్క. తమ్ముణ్ణి చంకనేసుకుని పొద్దంతా ఇంటి దగ్గరే ఉండిపోయే ఆ పిల్ల పేరు రిజిస్టర్‌లో ఉన్నా, మనిషి మాత్రం బడిలో కనపడదు. పసిపిల్లల సంరక్షణ లేకపోతే పెద్దపిల్లల చదువు ఆగుతుంది, రెండూ ఒకే సమస్య. ఇది క్షేత్రంలో తిరిగినవాళ్లందరికీ తెలుసు, ఫైళ్లల్లో మాత్రం ఇప్పటికీ రెండు శాఖలు.

1993లో ఒక మంచి మలుపు వచ్చింది. అదీ మన రాష్ట్రం పేరుతోనే: ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. అసలు కేసు ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గురించి. కానీ తీర్పులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్లు నిండేవరకు ఉచిత విద్య ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కేనని చెప్పేసింది. 45వ అధికరణానికి కింది హద్దు లేదని చెప్పాను కదా, ఈ హక్కుకూ లేదు. మూడేళ్ల పిల్లా ఇందులో ఉన్నట్టే.

తర్వాత జరిగింది ఏమిటంటే, హక్కును రాజ్యాంగంలో గట్టిగా రాస్తామని చెప్పి దాన్ని కుదించారు. 86వ సవరణ, 2002. కొత్తగా చేర్చిన 21ఏ అధికరణం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకే ప్రాథమిక హక్కు అంది. ఆరేళ్లలోపు వాళ్లను 45వ అధికరణంలోనే ఉంచి, వారి సంరక్షణకూ విద్యకూ ప్రభుత్వం ప్రయత్నిస్తుందని మళ్లీ అదే పాత పాట పాడింది. ఖర్చు భయమే ఇందుకు కారణమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆరేళ్లలోపు పిల్లలందరినీ కలిపితే బిల్లు ఎక్కడికో వెళ్తుంది. ఈ బిల్లును లోక్‌సభ ఆమోదించిన రోజు 2001 నవంబర్ 28. సరిగ్గా అదే రోజు సుప్రీంకోర్టు, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో, బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని, ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ కేంద్రం ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. పార్లమెంటు ఆరేళ్లలోపు పిల్లల్ని హక్కు నుంచి తప్పిస్తున్న రోజునే కోర్టు వాళ్లకు అన్నం పెట్టమంటోంది! అక్కడి నుంచి రెండు దారులూ ఇంకా దూరం జరిగాయి. 2006లో అదే కేసులో కోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలంది. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక అంగన్‌వాడీ భోజనం చట్టబద్ధమైన హక్కయింది.

చదువు సంగతి? 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 11వ సెక్షన్ మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు చేయొచ్చు అంది, చేసి తీరాలి అనలేదు. అంగన్‌వాడీలో మధ్యాహ్నం అన్నం లేకపోతే తల్లి చట్టం చూపించి అడగొచ్చు. పొద్దున పాఠం లేకపోతే అడగడానికి ఆధారం లేదు. 2015లో లా కమిషన్ తన 259వ నివేదికలో ఆ సెక్షన్‌ను తప్పనిసరి చేయమని, ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో చేర్చమని సిఫార్సు చేసింది. ఆ సవరణలు ఇంతవరకు రాలేదు.

ఇక 2020 జాతీయ విద్యావిధానం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, అంటే అంగన్‌వాడీ మూడేళ్లు, ఒకటి రెండు తరగతులు కలిపి. కాగితం మీద చూస్తే డెబ్బై ఏళ్ల విభజనను చెరిపేసే ఆలోచన ఇది, నాకూ నచ్చింది. ఆంధ్రప్రదేశ్ దీన్ని పట్టుకుని బడుల్ని ఆరు రకాలుగా విడదీసింది. శాటిలైట్ ఫౌండేషన్ అంటే అంగన్‌వాడీ ఒక్కటే, ఫౌండేషన్ అంటే దానికి ఒకటి, రెండు తరగతులు కలిపి, ఇలా ఇంటర్ కూడా ఉండే హైస్కూల్ ప్లస్ వరకు. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవో టీచర్ల కేటాయింపును ఈ లెక్కలకు కట్టేసింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూల్‌కి పంపేశారు, సబ్జెక్టు టీచర్లు దొరుకుతారని. ఊళ్లో బడి దగ్గర మిగిలింది ఒకటీ రెండు తరగతుల పిల్లలు, చాలాచోట్ల ఒక్క ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్). ఆ టీచర్ సెలవు పెడితే? ఇంట్లో అన్న మూడు, చెల్లి ఒకటి అయితే పొద్దున ఇద్దర్నీ రెండు దిక్కులకు ఎవరు దింపాలి? ఈ టెన్షన్ పడలేక ఇద్దర్నీ ప్రైవేటు బస్సు ఎక్కించిన తల్లిదండ్రులు తక్కువేం కాదు. పునాది దశ అని పేరు పెట్టి, ఆ పునాదిలో కూర్చునే అంగన్‌వాడీ టీచర్‌ని మాత్రం మహిళా శిశు సంక్షేమ శాఖలోనే, గౌరవ వేతనం మీదనే ఉంచారు.

దాంతో 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పటికి టీచర్‌కు నెలకు రూ.11,500, అందులో కేంద్రం లెక్క 2018 నుంచి రూ.4,500, మిగతాది రాష్ట్రం కలిపేది. 42 రోజులు నడిచిందా సమ్మె. మధ్యలో జనవరి 6న ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు మీరు ఉద్యోగులు కాదు, సేవకులు అంటారు, పని ఆపితే మీది అత్యవసర సర్వీసు అంటారు. ఏదో ఒకటి అనాలి కదా! కోర్టులూ ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు 2006లో, వీళ్లవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో అదే కోర్టు వీళ్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం నుంచి దిగిపోయేటప్పుడు ఇచ్చే సొమ్ము) చట్టం వర్తిస్తుందని చెప్పింది, అందుకు చూపిన ఆధారాల్లో ఒకటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షనే. అంగన్‌వాడీలు నడుపుతున్నది పూర్వ ప్రాథమిక బడే అని ఒప్పుకోవడం అది. ఇది చిన్న విషయం కాదు, సమ్మెలో గ్రాట్యుటీ డిమాండ్ అంత గట్టిగా వినిపించడానికి కారణం ఆ తీర్పే.

ప్రభుత్వం మారాక 2025 మేలో 117 జీవోను పక్కనపెట్టి కొత్త జీవోలు ఇచ్చారు. ఈసారి తొమ్మిది రకాల బడులు. ఒకటి నుంచి ఐదు వరకు ఒకేచోట, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు ఇందులో మంచి మాట. శాటిలైట్ ఫౌండేషన్ అనే పేరు మాత్రం అలాగే ఉంది, అంగన్‌వాడీ టీచర్ హోదా కూడా అలాగే ఉంది. తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, టీచర్‌కు రూ.13,650 ఇస్తున్నారు. అక్కడ కొన్ని ప్రభుత్వ బడుల్లో విద్యాశాఖే విడిగా ప్రీ ప్రైమరీ తరగతులు పెట్టడంతో, మా పిల్లల్ని తీసుకుపోతే మా కేంద్రాలు ఏం కావాలని అంగన్‌వాడీ సంఘాలు అడుగుతున్నాయి. న్యాయమైన ప్రశ్న.

మూడేళ్లలోపు వాళ్ల సంగతి ఇంకా అధ్వానం. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలంది, 2017 ప్రసూతి ప్రయోజన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలంది, ఎన్ని పనుల దగ్గర పెట్టారో ఆ పనికి వెళ్లినవాళ్లను అడగండి. మిరపకోతకు, నాట్లకు పోయే తల్లికి వీటిలో ఏదీ అందదు. అంగన్‌వాడీలో మూడేళ్లలోపు బిడ్డకు దొరికేది ప్రధానంగా ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్టే, పొద్దంతా ఉంచుకునే చోటు కాదు.

రాష్ట్రాలు పార్లమెంటు కోసం ఎదురుచూడాల్సిన పనేమీ లేదు. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, 11వ సెక్షన్ అమలు రాష్ట్రం చేతిలోనే ఉంది. ఇంగ్లిష్ మీడియం కోసం 1982 చట్టాన్ని సవరించే బిల్లును 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ చకచకా ఆమోదించింది, టీచర్ల బదిలీలకు 2025లో ఏకంగా ఒక చట్టమే చేసింది. టీచర్లకు సంఘాలున్నాయి, ఓట్లున్నాయి, బదిలీ చట్టం వచ్చింది. మూడేళ్ల పిల్లకు బడి హక్కు అని రాసిన చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు, అది వచ్చేదాకా ఏ ప్రభుత్వం వచ్చినా అంగన్‌వాడీని జీవోతో బడిలో కలుపుతుంది, మరో జీవోతో విడదీస్తుంది.