మూలల్లో ఏటవాలు వెలుతురు

ఒకే దిశలో కంపించే వెలుతురునే వదిలే పోలరైజర్ ఫిల్టర్ కొన్న కొత్తలో దాన్ని విశాలంగా చూసే 16 ఎంఎం వైడ్ లెన్స్‌కు బిగించి, ఓ సాయంత్రం ఫ్రేమ్ నిండా ఆకాశం పెట్టి ఫొటో తీశాను. కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఆకాశం మధ్యలో నిలువునా ముదురు నీలం పట్టీ, దానికి అటూ ఇటూ పాలిపోయిన నీలం. నాసిరకం ఫిల్టర్ అంటగట్టారనుకున్నాను. అనవసరంగా తిట్టుకున్నాను గానీ, ఫిల్టర్ తన పని తాను సరిగ్గానే చేసింది.

ఆకాశం నుంచి వచ్చే వెలుతురు అన్ని వైపులా ఒకేలా పోలరైజ్ అయి (అంటే ఒకే దిశలో కంపిస్తూ) ఉండదు. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఎక్కువ, అక్కడే ఫిల్టర్ ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది; అక్కణ్ణుంచి అటు జరిగినా ఇటు జరిగినా తక్కువ. ఫుల్‌ఫ్రేమ్ (36×24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉండే) కెమెరా మీద 200 ఎంఎం లెన్స్ అడ్డంగా 10 డిగ్రీల ముక్కే చూస్తుంది కాబట్టి తేడా బయటపడదు. 16 ఎంఎం దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది. ముదురూ లేతా రెండూ ఒకే ఫొటోలో దొరికిపోతాయి.

ఇది ఆకాశం సంగతి. ఫిల్టర్ గాజు వల్ల వచ్చే చిక్కులు వేరు. ఫొటో మూలకు చేరాల్సిన కిరణం ఈ 16 ఎంఎం లెన్స్‌లోకి 53 డిగ్రీల ఏటవాలులో వస్తుంది. గాజులోకి దిగాక వంగి 32 డిగ్రీలవుతుంది. గాజు మందం 2 మిల్లీమీటర్లయితే, మధ్య కిరణం అంతే దూరం నడుస్తుంది, మూల కిరణం మాత్రం 2.36 నడవాలి. మామూలు తెల్లగాజులో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. గాజులోనే నలుపు కలిపి వెలుతురును తగ్గించే 10 స్టాప్‌ల (ఒక్కో స్టాప్ వెలుతురును సగం చేస్తుంది) ఎన్‌డీ ఫిల్టర్ అయితే కథ వేరు. దారి 18 శాతం పెరిగితే ఆగిపోయే వెలుతురు కూడా స్టాపుల్లో 18 శాతం పెరుగుతుంది. మధ్యలో 10 స్టాపులు తగ్గితే మూలల్లో 11.8 తగ్గుతాయి. లెన్స్‌కు పుట్టుకతో ఉన్న మూలల చీకటికి ఇది అదనం. తిప్పితే ముదిరే వేరియబుల్ ఎన్‌డీ ఇంకా మొండిది, చివరిదాకా తిప్పితే ఫొటో మీద నల్లటి ఇంటూ గుర్తు వేస్తుంది.

ఫిల్టర్ చుట్టూ ఉండే రింగు మందంగా ఉన్నా, ఒకదానిమీద ఒకటి రెండు బిగించినా, మూలల్లో రింగే ఫొటోలో పడుతుంది. పల్చటి రింగులు అమ్మేది అందుకే.

రాత్రి ఫొటోల్లో ఇంకో తలనొప్పి. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. సెన్సర్ మీద పడిన వీధిదీపం వెలుగులో కొంత లెన్స్‌లోంచి బయటికి తిరిగొచ్చి, చదునైన ఫిల్టర్‌కు తగిలి మళ్లీ లోపలికి పోతుంది. అప్పుడు ఫొటో మధ్యబిందువుకు సరిగ్గా అవతలి పక్కన తలకిందులుగా దయ్యపు దీపం ఒకటి వెలుగుతుంది. మంచి మల్టీకోటింగ్ (ప్రతిబింబాన్ని తగ్గించే పల్చటి పూతలు) దీన్ని బాగా తగ్గిస్తుంది. అయినా రాత్రిపూట ఫిల్టర్ తీసేయడమే నాకు నచ్చిన మందు. డిజిటల్ సెన్సర్ ముందే యూవీని (అతినీలలోహిత కిరణాలను) ఆపే పొర ఉంటుంది కాబట్టి, యూవీ ఫిల్టర్ అనేది నిజానికి లెన్స్‌కు తొడిగిన కళ్లద్దమే.

ఆ అద్దం మీద వాన చినుకు పడిందనుకోండి. 200 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/4 దగ్గర (అంటే లెన్స్ రంధ్రం ఫోకల్ దూరంలో నాలుగోవంతు ఉండేలా) పెడితే ఫొటోలో ఒక్కో బిందువును గీసే కిరణాల కట్ట వెడల్పు 50 మిల్లీమీటర్లు. చినుకు అందులో ఏ మూలో పోతుంది. 16 ఎంఎంను ఎఫ్/16 దగ్గర పెడితే ఆ కట్ట ఒక్క మిల్లీమీటరే. 2 మిల్లీమీటర్ల చినుకు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ల జేబులో ఎప్పుడూ తుడుచుకునే గుడ్డ ఉండేది ఇందుకే.

ముందు గాజు బుర్రలా ఉబ్బిన లెన్స్‌లకు రింగు బిగించే చోటే ఉండదు. కొన్నిటికి వెనకవైపు పల్చటి జెల్ (ప్లాస్టిక్ రేకులాంటి) ఫిల్టర్ పెట్టే వీలుంటుంది. అక్కడ కిరణాల వాలు తక్కువ కాబట్టి మూలల బాధ కూడా తగ్గుతుంది. కాకపోతే లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య గాజో జెల్లో అడ్డుపెడితే, దాని మందంలో మూడోవంతు మేర ఫోకస్ వెనక్కి జరుగుతుంది. జెల్ పల్చనే గానీ వైడ్ లెన్స్‌కు ఆ కాస్తా చాలు, అందుకే వెనక ఫిల్టర్ పెట్టాకే ఫోకస్ చెయ్యాలి.