క్యూ నిండితే పెంచేయడమేనా?

ఆర్డర్లు తీసుకునేది ఒక ప్రోగ్రామ్, బిల్లు వేసేది ఇంకొకటి. రెండింటి వేగం ఒకటి కాదు. పైగా ఒకటి ఆగిందని రెండోది ఆగకూడదు. అందుకే మధ్యలో మెసేజ్ క్యూ పెడతారు. మొదటిది మెసేజ్ వేసేసి తన దారిన తాను పోతుంది, రెండోది వీలున్నప్పుడు తీసుకుంటుంది.

ఈ క్యూకి హద్దు ఉంటుంది. ఇలాంటి క్యూలు నడిపే ఐబీఎం ఎంక్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో మనం ఏమీ మార్చకపోతే సాధారణంగా ఒక్కో క్యూకి 5,000 మెసేజ్‌లే. ఆపైన వేయబోతే 2053 అనే కోడ్ తిరిగొస్తుంది, క్యూ నిండిందని. అది కనబడగానే చాలామంది చేసే పని 5,000 పక్కన ఇంకో సున్నా చేర్చడం.

సెకనుకు 100 వస్తూ 90 మాత్రమే ఖాళీ అవుతున్నాయనుకుందాం. 5,000 నిండడానికి 500 సెకన్లు పడుతుంది. 50,000కి పెంచితే గంటా ఇరవై నిమిషాల పైచిలుకు. ఈలోపు రద్దీ తగ్గిందా సరే, లేకపోతే మళ్లీ అదే 2053. ఇంకో తంటా కూడా ఉంది. నిండిన ఆ పెద్ద క్యూలో చివరన చేరిన మెసేజ్ వంతు రావడానికి తొమ్మిది నిమిషాలు దాటుతుంది. జవాబు కోసం అడిగిన ప్రోగ్రామ్ ముప్పై సెకన్లకే విసిగి వెళ్లిపోయి ఉంటే, ఇవతలి ప్రోగ్రామ్ ఎవరికీ అక్కర్లేని పని చేస్తూ కూర్చుంటుంది. అలాంటి మెసేజ్‌లకు గడువు పెట్టడమే మేలు.

క్యూ ఎంత ఉండాలో తేలాలంటే, తీసుకునే ప్రోగ్రామ్ ఎంతసేపు ఆగిపోయినా తట్టుకోవాలో ముందు అనుకోవాలి. పది నిమిషాలు అంటే, సెకనుకు 100 చొప్పున 60,000 మెసేజ్‌లు. ఒక్కోటి 2 కేబీ అయితే డిస్క్‌లో 120 ఎంబీ చాలు. అదే ఒక్కోటి 4 ఎంబీ అయితే 240 జీబీ! మెసేజ్‌ల సంఖ్య చూసి సైజు మరిచిపోతే డిస్కే ముందు నిండుతుంది.

తిరిగి లేచాక ఆ బకాయి కూడా తీర్చాలి కదా. కొత్తవి వస్తూనే ఉంటాయి. సెకనుకు 120 తీయగలిగినా బకాయిలో తగ్గేది 20 మాత్రమే, అంటే పది నిమిషాల ఆగుడుకి యాభై నిమిషాల ఆలస్యం. తీసుకునే వైపు వేగంలో కాస్త మిగులు లేకపోతే ఎంత పెద్ద క్యూ అయినా దండగే.

80 శాతం నిండితే హెచ్చరించే ఏర్పాటు ఎంక్యూలో ఉంది, కాకపోతే దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. నన్నడిగితే దానితో పాటు, అన్నిటికన్నా పాత మెసేజ్ ఎంతసేపటిదో కూడా చూడాలి. క్యూలో ఉన్నవి రెండొందలే అయినా, అందులో ఒకటి నలభై నిమిషాలుగా కదలకపోతే అవతల ఏదో ఇరుక్కుందన్నమాట.