వాట్సాప్ నకలు, అసలు ఫోటో: స్టూడియో కౌంటర్ దగ్గర వినే అపోహలు – వాస్తవాలు

పోయిన ఎండాకాలం ఒకనాడు నేను షట్టరు ఎత్తే సరికే నలుగురు గొర్రెల కాపరులు మా స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. రాత్రికి రాత్రే తమ దొడ్డిలో గొర్రెలు చచ్చిపడ్డాయనీ, నల్లమల నుంచి రేసుకుక్కలు (అడవికుక్కలు) దిగాయని ఊరంతా చెప్పుకుంటున్నదనీ, వాటిని ఎవరో ఫోటో కూడా తీశారనీ చెప్పి, ఆ ఫోటోను పెద్దది చేసి అవి రేసుకుక్కలో, మామూలు కుక్కలో తేల్చమని అడిగారు. "నీకు అడివి సంగతులు తెలుసంట గద సారూ, జర జూసి చెప్పు" అన్నాడు వారిలో పెద్దాయన.

సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు వైపు వెళ్లే అలవాటు నాకు ఉన్నమాట నిజమే కానీ, ఆ ఫోన్‌లో ఉన్నది ఎంత అడవి తెలిసినవాడైనా తేల్చగలిగే ఫోటో కాదు. చీకట్లో ఎర్రగా మూడు మచ్చలు, వెనుక కంపచెట్లు, ఒకచోట కన్ను మెరుపు, అంతే. ఒళ్లంతా ఇటుక రంగు, గుండ్రటి చెవులు, చివరివైపు నల్లబడే గుబురు తోక: రేసుకుక్కను ఊరకుక్క నుంచి వేరు చేసే గుర్తులు ఇవి. నేను ఎంత పెద్దది చేసి చూసినా తోక ఎక్కడ ముగిసి కంప ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎవరు తీశారని అడిగితే గ్రూపులో వచ్చిందన్నారు. ఆ గ్రూపులోకి మరో గ్రూపు నుంచి వచ్చిందట. రెండు రోజుల తరువాత నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన అదే ఫోటోను, తమ ఊరి చెరువు కట్ట మీద తీసినదేనని ఒట్టు పెట్టి మరీ నాకు చూపించాడు.

మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్న నాకు వారానికి ఒక్కసారైనా ఎదురయ్యే అపోహ ఇదే కాబట్టి, దీని గురించే కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ఫోన్‌లో కనిపిస్తున్నదంటే ఫోటో మన దగ్గర ఉన్నట్టే.

ఫోన్‌లో కనిపించేది అసలు ఫోటో కావచ్చు, దాని నకలు కావచ్చు, నకలుకు నకలూ కావచ్చు. అరచేతిలో పట్టే తెర మీద ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది ప్రింటు తీయడానికి కూర్చున్నప్పుడే. మామూలు ఫోన్ తీసే 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో 4000 నిలువున, 3000 అడ్డంగా, మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు ఉంటాయి. దానితో 12 బై 18 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. అదే ఫోటోను వాట్సాప్‌లో మామూలు పద్ధతిలో పంపితే ఆ యాప్ దాన్ని కుదించి, పొడవు వైపు సుమారు 1600 చుక్కలకు దించుతుంది. అంటే అవతలివారికి చేరేది పంతొమ్మిది లక్షల చుక్కలే, అసలులో ఆరో వంతు కూడా కాదు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది అయిదంగుళాల పైచిలుకు ప్రింటుకు సరిపోతుంది. హెచ్‌డీ అని నొక్కి పంపితే కొంత నయమే కానీ అప్పుడు కూడా వెళ్లేది నకలే.

చుక్కలతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. ఏ తేదీన, ఏ సమయానికి, ఏ ఫోన్‌తో తీశారన్నది, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారన్నది కూడా అసలు ఫైలులో దాగి ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు ఆ వివరాలు రాలిపోతాయి. అందుకే ఒకే కుక్క ఫోటో ఒకనాడు ఒక ఊరిదీ, మర్నాడు ఇంకో ఊరిదీ కాగలుగుతున్నది. "గ్రూపులో వచ్చింది" అన్నమాట సాక్ష్యం కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఆ కాపరులకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉన్నది. రేసుకుక్కలు ముఖ్యంగా పగటి వెలుతురులో, తెల్లవారుతున్నప్పుడూ పొద్దుగూకే ముందూ గుంపుగా వేటాడే జంతువులు. అర్ధరాత్రి దొడ్డిలో పడ్డాయంటే ముందుగా అనుమానించవలసింది ఊరిచుట్టూ తిరిగే కుక్కలనే. ఇంకోసారి ఇలా జరిగితే చచ్చిన గొర్రెను కదిలించకముందే గాయాలనూ, పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి పాదముద్రలనూ నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీసి, వాటిని ఎవరికీ పంపకుండా ఆ ఫోన్‌నే తీసుకెళ్లి పశువైద్యునికీ అటవీ సిబ్బందికీ చూపించమన్నాను. రేసుకుక్క మూత్రం పడిన పొదలో మూతి పెట్టిన పశువుకు చూపు పోతుందన్న మాట కూడా వారిలో ఒకరు ఎత్తారు. అది కట్టుకథ, దాన్ని నమ్మి ఆ జంతువు మీద పగబట్టినవారు వెనకటికి చాలామంది ఉన్నారు. బ్రిటిషు కాలంలో రేసుకుక్కను చంపినవారికి బహుమానం ఇచ్చేవారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. నేడది ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువు.

అయితే కుక్కల ఫోటో పోతే పోయింది. ఈ అపోహ మనుషుల్ని నిజంగా కాల్చేది ఇంట్లో చావు జరిగినప్పుడు.

దినాలకు ఫ్లెక్సీ కావాలనీ, గోడకు పెట్టే ఫోటో కావాలనీ వచ్చేవారిలో చాలామంది చేతిలో వాట్సాప్ నకలే ఉంటుంది. కోయిల్‌కొండ వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు "అన్నా, మా నాయిన ఫోటో ఇదొక్కటే ఉన్నది, మంచిగ జేసియ్యి" అంటూ ఫోన్ నా ముందు పెట్టాడు. కురుమూర్తి జాతరలో చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న ముసలాయన, నెత్తిన తెల్ల రుమాలు, చేతిలో గ్లాసు. ఎవరూ ఆయనను ఫోటోకు సిద్ధం కమ్మని చెప్పలేదు కాబట్టి ఆయన ముఖంలో బిగువు లేదు, ఎవరి మాటకో నవ్వబోతున్నాడు. బాగా చూసి తీసిన ఫోటో. కానీ ముఖం ఫ్రేములో పదో వంతు కూడా లేదు, పైగా అది రెండు చేతులు మారి వచ్చిన నకలు. ముఖం వరకు కత్తిరిస్తే కళ్లున్న చోట రెండు బూడిద చదరాలు మిగిలాయి.

ఎవరు తీశారని అడిగాను. మేనబావ తీశాడట, పుణెలో కూలిపనికి వెళ్లి అక్కడే ఉన్నాడట. అతనికి ఫోన్ కలిపించి, గ్యాలరీలో అసలు ఫోటో ఉందేమో చూడమన్నాను. ఉంటే దాన్ని ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమని, క్లిప్పు గుర్తు నొక్కి, డాక్యుమెంటు అన్న చోటికి వెళ్లి, ఫైలు ఎంచుకుని పంపాలని అంచెలంచెలుగా చెప్పాను. పావుగంట పట్టింది. నాలుగు ఎంబీల ఫైలు దిగగానే కంప్యూటరులో తెరిచి ముఖం దగ్గరికి వెళ్లాను. రెండు రోజుల తెల్లగడ్డం, చెవిమీద పెట్టుకున్న సగం కాల్చిన బీడీ, కనుబొమ్మలో పాత గాయం మచ్చ, అన్నీ ఉన్నాయి. ఆ యువకుడు తెరకు దగ్గరగా వంగి, "ఎద్దు కొమ్ము దాకింది అన్నా గీడ, నేను సూడనే లేదు ఈ ఫోటోల" అని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. ఫోన్ పగిలిపోయి, పాతది అమ్మేసి, నకలు తప్ప ఏమీ మిగలని వారే ఎక్కువ. అలాంటివారు తరచుగా ఏదో యాప్‌లో ఫోటోను "క్లియర్" చేయించుకుని వస్తారు. ఆ యాప్ పోయిన వివరాన్ని తిరిగి తేలేదు. లక్షల ముఖాలను చూసి నేర్చుకున్నదానితో కొత్త వివరాన్ని ఊహించి అతికిస్తుంది. చర్మం నున్నగా, కళ్లు తళతళలాడుతూ, చూడడానికి అద్భుతంగా ఉంటుంది. అలా తయారైన ఒక ఫ్రేమును నేనే ఇచ్చాను, ఆ తప్పు నాదే. తీసుకుపోయిన మర్నాడు ఆయన కూతురు తిరిగి తెచ్చి, "అంతా బాపు లెక్కనే ఉన్నడు గని, గీ సూపు బాపుది కాదు" అన్నది. ఆ రోజు నుంచి నకలు తప్ప ఏమీ లేని ఫోటోను చిన్న సైజులో, మసక మసకగానే ఇస్తున్నాను. ముందు కొందరికి కష్టమనిపిస్తుంది, తరువాత మళ్లీ వచ్చి అడిగినవారు ఎవరూ లేరు.

నెగటివ్ ఉన్న రోజుల్లో ఈ తేడా ఎవరికీ చెప్పవలసి వచ్చేది కాదు. ప్రింటు చినిగినా నెగటివ్ ఉంటే చాలునని చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన స్టూడియో గాజు పలకల నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి కనుక వాటి నుంచి ఇప్పటికీ ప్రింటు తీయవచ్చు. మన ఇంట్లో ఆ గాజు పలక ఏదంటే, ఫోటో తీసిన ఫోన్‌లోని మొదటి ఫైలే.

కాబట్టి ఫోటో తీసినవారినే అడగండి, డాక్యుమెంటుగా తెప్పించుకోండి, అది ఒక్క ఫోన్‌లోనే కాక ఒక పెన్‌డ్రైవులోనో హార్డ్ డిస్కులోనో కూడా ఉండేలా చూడండి. గూగుల్ ఫోటోస్‌కు ఎక్కించిన తరువాత, అక్కడ ఉన్నది కదా అని అదే యాప్‌లో ఫోటోను తొలగిస్తే రెండు చోట్లా పోతుందని చాలామందికి తెలియదు. ఫోన్‌లో జాగా కావాలంటే దానికోసం విడిగా ఉన్న "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి. పొరపాటున తొలగించినవారు కంగారు పడకండి, అలా ఎక్కించిన ఫోటో 60 రోజుల దాకా ఆ యాప్ చెత్తబుట్టలోనే ఉంటుంది.

మిగిలినవి క్లుప్తంగా.

"ఎక్కువ మెగాపిక్సెళ్లుంటే మంచి ఫోటో వస్తుంది." 50 మెగాపిక్సెళ్ల ఫోన్లలో చాలావరకు మామూలుగా తీసేది నాలుగు చుక్కలను ఒకటిగా కలిపిన 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే. దాని గురించి బాధపడకుండా ముందు లెన్సు మీది నూనె మరక తుడవండి.

"దూరంగా ఉన్నది వేళ్లతో సాగదీస్తే దగ్గరికి వస్తుంది." ఫోన్‌లో ఉన్న జూమ్ లెన్సు హద్దు దాటిన తరువాత జరిగేది కత్తిరింపే. తీసేటప్పుడు కత్తిరించకండి, తీసిన తరువాత కావలసినంత కత్తిరించుకోవచ్చు.

"మెమరీ కార్డు ఫార్మాట్ అయింది, ఇక పోయినట్టే." ఈ మాట ఏడుస్తూ చెప్పినవారిని చాలామందిని చూశాను. పైన ఇంకేమీ రాయనంతవరకు పాత ఫోటోలు కార్డులో ఉండిపోయే అవకాశం ఎక్కువ. వెంటనే కార్డు తీసి కాగితంలో చుట్టి పక్కన పెట్టండి, ఆ తరువాత ఒక్క ఫోటో కూడా తీయకండి.

"వీధిలో అడగకుండా ఫోటో తీస్తే కేసు." బహిరంగ స్థలంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించిన చట్టం లేదు, నిషేధిత ప్రాంతాలు వేరు, స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా తీయడం వేరు, అది శిక్షార్హమైన నేరం. నేనైతే క్లాక్ టవర్ దగ్గర పండ్ల బండి అతన్ని తీసిన తరువాత ఒక ప్రింటు తీసుకెళ్లి ఇస్తాను. ఆ తరువాత ఎన్నిసార్లు తీసినా అడగడు, పైగా రెండు జామకాయలు చేతిలో పెడతాడు.

"పెళ్లి ఫోటోల అసలు ఫైళ్లు స్టూడియోవాళ్లవి." వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవారిదేనని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను చెబుతున్నది. ఇది రాసినందుకు నా తోటివారు నన్ను తిట్టుకుంటారని తెలుసు.

ఇంత చెప్పిన నేను కూడా ఒకసారి మునిగాను. కొన్నేళ్ల కింద ఒక చలికాలపు ఉదయం, ఆరు గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు గేటు తీయగానే బయలుదేరి ఫర్హాబాద్ వైపు వెళ్తుండగా, శ్రీశైలం రోడ్డు పక్కన ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వినిపించింది. రేసుకుక్కలు ఊరకుక్కల్లా మొరగవు, ఒకదాన్ని ఒకటి పిలుచుకునేది ఎక్కువగా ఆ ఈలతోనే. కారు ఆపి, దిగకుండా అద్దం దించాను. అయిదు కుక్కలు వరుసగా రోడ్డు దాటుతున్నాయి. చివరిది మధ్యలో ఆగి, ఒక ముందుకాలు గాల్లో ఉంచి, నా వైపు చూసింది. కెమెరా వెనుక సీటులో సంచిలో ఉన్నది, చేతిలో ఫోన్ ఉన్నది. ఫోన్‌తోనే తీసి, ఆగలేక అక్కడికక్కడే ఒక మిత్రునికి వాట్సాప్‌లో పంపాను. ఆ సాయంత్రమే ఫోన్ నీళ్ల బకెట్టులో పడింది.

మిత్రుని దగ్గర ఉన్న నకలే ఇప్పుడు నా దగ్గర ఉన్నది. దాన్ని నాలుగు బై ఆరు సైజులో ప్రింటు తీసి, కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను. గోడలన్నీ పెద్ద పెద్ద ఫ్రేములతో నిండి ఉండడం చూసి, వచ్చినవారు ఆ అద్దం మీద వేలు పెట్టి "గింత మంచి ఫోటో గింత చిన్నగ ఎందుకు వెట్టినవన్నా?" అని అడుగుతుంటారు.