పైపూతతో మానని పుండు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లకు చర్మం పొక్కడం వింతేమీ కాదు. తొక్కలోని జీడి తగిలితే వేళ్లు నల్లబడి పొరలు ఊడతాయి. నూనె రాసుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. చనుమొన మీద లేచిన పుండును కూడా ఈ లెక్కలోనే వేసేస్తే మాత్రం ముప్పు.

1874లో లండన్ సర్జన్ జేమ్స్ పాజెట్ అలాంటి పుండున్న 15 మంది స్త్రీల గురించి రాశాడు. చూడ్డానికి గజ్జే. రెండేళ్లలోపే అందరికీ అదే రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. మామూలు గజ్జి (ఎగ్జిమా) తరచూ రెండువైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగంలో మొదలవుతుంది. ఆయన పేరుతోనే పిలిచే ఈ పాజెట్ జబ్బు దాదాపు ఎప్పుడూ ఒకవైపే. మొన దగ్గర పుట్టి బయటికి పాకుతుంది. స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాస్తే కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే.

రొమ్ము లోపలి నుంచి చర్మానికి సన్నటి తంతువులుంటాయి. క్యాన్సర్ గడ్డ వాటిని లాగితే పైన సొట్ట పడుతుంది. చేతులు పైకెత్తితే బాగా తెలుస్తుంది. పుట్టుకతోనే లోపలికున్న చనుమొనకు కంగారు అక్కర్లేదు, కొత్తగా లోపలికి పోతేనే చూపించుకోవాలి.

అన్నిటికన్నా తొందరపడాల్సింది వాపు క్యాన్సర్ విషయంలో. క్యాన్సర్ కణాలు చర్మంలో ఊరే నీటిని మోసుకెళ్లే లింఫు నాళాల్ని పూడ్చేస్తే నీరు నిలిచి చర్మం ఉబ్బుతుంది. వెంట్రుక కుదుళ్ల దగ్గర మాత్రం పట్టేసి ఉంటుంది కాబట్టి అక్కడ గుంటలు పడి బత్తాయి తొక్కలా అవుతుంది. చేతికి గడ్డ తగలకపోవచ్చు. వారాల్లోనే రొమ్ము బరువెక్కి, వేడెక్కి, ఎర్రబడుతుంది. మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు ఊదాగానో, కమిలినట్టుగానో కనిపిస్తుంది. పాలిచ్చే తల్లికైతే పాలు గడ్డకట్టాయనుకుంటారు, లేదంటే సెగగడ్డ అంటారు. చాలాసార్లు అది నిజమే కూడా. కానీ వారం పది రోజులు యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోతే ఇంకో కోర్సు మింగుతూ కూర్చోకూడదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించి, చర్మం ముక్కను పరీక్షకు పంపాలి. క్యాన్సరని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

30 దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్త జబ్బుల లక్షణాలు అడిగి రాసుకునే ఫారం పట్టుకొస్తుంది. రొమ్ము గురించి అందులో అడిగేవి గడ్డ, చనుమొన నుంచి రక్తం, ఆకారంలో మార్పు. రొమ్ము చర్మం సంగతి అడగరు, మనమే చెప్పాలి.